ఒక దీపము ఆరినప్పుడు

పెండ్లిపందిరికి వ్రేలాడదీసిన చిన్నదీపముల తోరణమును చూడనివారు మనలో ఉండరు. వాడుకలో దానిని ‘సీరియల్ లైట్లు’ అందురు. ఆ పేరు ఊరక రాలేదు. పాతరకపు తోరణములలో బల్బులన్నియు ఒకే తీగకు పూసలవలె ఒకదాని వెనుక ఒకటి కూర్చబడి ఉండెడివి. ముహూర్తము దగ్గరపడిన వేళ వాటిలో ఒక్కటి మాడిపోయినచో తీగ మొత్తము చీకటి అయ్యెడిది. అప్పుడు కరెంటు పనివాడు నిచ్చెన ఎక్కి, మంచి బల్బునొకదానిని చేతబట్టుకొని, ఒక్కొక్క బల్బును ఊడదీసి దాని చోట దీనిని పెట్టి చూచుకొనుచు పోయెడివాడు. దొంగ దొరికినదాక తోరణము వెలిగెడిది కాదు. పందిరిలో అది కొంత ఆలస్యము, కొంత నవ్వులాట. అంతకు మించిన నష్టము లేదు.

అదే కూర్పు, అమావాస్యరాత్రి ఘాట్ రోడ్డు దిగుచున్న మోటారుబండి ముందుదీపములకు ఉన్నదని ఊహింపుడు. మలుపులో ఒక దీపము మాడినది. ఆ క్షణముననే రెండవదియు ఆరినది. రెండవ దీపమునకు ఏ లోపమును లేదు. దానికి కావలసిన విద్యుత్తు మొదటిదాని గుండా రావలసి ఉన్నది గనుక, దారి తెగి అదియు ఆరినది. ఇది కట్టుకథ కాదు. ఒక కాలమున లోకములో అన్నింటికంటె ఎక్కువగా అమ్ముడుపోయిన మోటారుబండికి దీపములు సరిగా ఇట్లే కూర్చబడెను. కూర్చినవారు తెలివితక్కువవారు కారు. వారు అట్లు ఎందుకు చేసిరో, తరువాత ఎందుకు మానిరో, మానిన పద్ధతి నేడు మరల ఏ తోవన వచ్చినదో చెప్పుటయే ఈ ప్రసంగమున మేము తలపెట్టిన పని.

ముందుగా రెండు మాటల అర్థమును తేల్చుకొందము. దీపములను ఒకదాని వెంట ఒకటి కూర్చుటను శ్రేణీ సంధానమని మన పాఠ్యగ్రంథములు చెప్పును. పనివారు సీరీస్ అందురు. మూలము నుండి ప్రతి దీపమునకును వేరువేరుగా దారి ఇచ్చుట సమాంతర సంధానము. పనివారి మాటలో పారలల్. వరిపొలములు ఎరిగినవారికి ఈ భేదము క్రొత్త కాదు. మడి నుండి మడికి నీరు పారు చోట, ఎగువ రైతు మడవ కట్టివేసినచో దిగువ మడులన్నియు ఎండును. కాలువ నుండి ప్రతి మడికిని వేరుగా మడవ ఉన్నచోట, ఒకరు కట్టుకొన్నను మరొకరికి నీరు తప్పదు. మొదటిది శ్రేణి, రెండవది సమాంతరము.

కొంచెము లెక్క కూడ చూతము. 12 వోల్టుల బ్యాటరీకి 60 వాట్ల దీపములు రెంటిని సమాంతరముగా కూర్చినప్పుడు ఒక్కొక్కదానికి నిండుగా 12 వోల్టులు అందును. ఒక్కొక్కటి 5 ఆంపియర్లు పుచ్చుకొనును. బ్యాటరీ మొత్తము 10 ఆంపియర్లు ఈయవలెను. ఆ రెంటినే శ్రేణిలో కూర్చినచో 12 వోల్టులను పంచుకొని ఒక్కొక్కటి 6 వోల్టులతో సరిపెట్టుకొనవలెను. అప్పుడు వెలుగు సగము కాదు. సగముకంటె చాల తక్కువ. లోపలి తీగ ఎఱ్ఱగా కనలునే గాని దారి చూపదు. శ్రేణిలో ప్రవాహము అన్నింటికి ఒకటే, వోల్టులు పంపకము. సమాంతరములో వోల్టులు అన్నింటికి ఒకటే, ప్రవాహము పంపకము. జార్జి ఓమ్ 1827లోను, కిర్కాఫ్ 1845లోను వెల్లడించిన సూత్రములలో మన కథకు కావలసిన సారము ఇంతియే.

సూత్రములు తెలిసిన తరువాత సమాంతర పద్ధతియే మేలని ఎవరికైనను తోచును. కాని చరిత్రలో మొదట గెలిచినది శ్రేణియే. 1879 ఏప్రిల్ 29వ తేదీన అమెరికాలోని క్లీవ్‌లండ్ నగరమున ఛార్లెస్ బ్రష్ అను ఇంజనీరు నడిబొడ్డు చౌకములో 12 ఆర్కు దీపములను వెలిగించెను. రెండు బొగ్గుకడ్డీల నడుమ మెరుపువలె వెలుగు దీపమది. ఒక్కొక్కదానికి సుమారు 50 వోల్టులు చాలును. దీపములను వరుసగా కూర్చినచో ఒకే సన్నని తీగతో వీధులన్నియు చుట్టి రావచ్చును. రాగి ఖర్చు కలిసివచ్చును. ఒకటి ఆరినచో అన్నియు ఆరును గదా అను చిక్కును కూడ బ్రష్ మరువలేదు. చెడిన దీపమును ప్రవాహము ప్రక్కదారిన దాటిపోవునట్లు ప్రతి దీపమునకు ఒక స్వయంచాలక సాధనమును అమర్చెను. ఈ సంగతిని శ్రోతలు మనసున ఉంచుకొనవలెనని కోరుచున్నాము. చివర దీనితో మరల పని పడును.

వీధికి సరిపోయిన పద్ధతి ఇంటికి సరిపడలేదు. వంటింటి దీపము ఆర్పినచో పడకటింటి దీపము ఆరరాదు. విద్యుద్వెలుగును చిన్నచిన్న పాళ్ళుగా పంచి, ఎవరి పాలు వారు వెలిగించుకొనునట్లు చేయుట సాధ్యమా యని ఆనాటి శాస్త్రజ్ఞులు తర్కించిరి. బ్రిటిష్ ఇంజనీరు విలియం ప్రీస్ వంటి పెద్దలు 1879లో అది ఎండమావి యని తలచిరి. అదే సంవత్సరమున థామస్ ఎడిసన్ నిరోధము హెచ్చుగా గల దీపమును సాధించెను. నిరోధము హెచ్చయినచో ఒక్కొక్క దీపము పుచ్చుకొను ప్రవాహము తగ్గును. తగ్గినచో వందల దీపములను సమాంతరముగా కూర్చినను తీగలు దూలములంత లావు కానక్కరలేదు. 1882 సెప్టెంబరు 4న న్యూయార్కు పర్ల్ వీధిలో ఆయన విద్యుత్కేంద్రము పనిచేయ నారంభించినది. నాటి నుండి నేటివరకు మన ఇండ్లలోని దీపములన్నియు సమాంతరముగనే వెలుగుచున్నవి.

ఇల్లు కదలదు, బండి కదలును. కదలు బండి తనకు కావలసిన విద్యుత్తును తానే మోసికొని పోవలెను, లేదా తానే పుట్టించుకొనవలెను, లేదా దారిపొడవునను తీగ నుండి అందుకొనవలెను. ఈ మూడు మార్గములలో ఏది పట్టినదో దానినిబట్టి దీపముల కూర్పు కూడ మారినది. మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే: కూర్పును నిర్ణయించినది దీపము కాదు, దానిని పోషించు మూలము.

మోసికొని పోయినది రైలు. 1881లో ఇంగ్లండున లండను, బ్రైటన్ నగరముల నడుమ తిరుగు ‘బియాట్రిస్’ అను పుల్మన్ పెట్టెలో జోసెఫ్ స్వాన్ దీపములను వెలిగించిరి. విద్యుత్తును ఇచ్చినవి ఫోర్ రూపొందించిన సీసపు బ్యాటరీలు. తరువాత పెట్టెల ఇరుసులకు డైనమోలు తగిలించి, బండి నడచునప్పుడు బ్యాటరీని నింపుకొను ఏర్పాటు వచ్చినది. బ్యాటరీ వోల్టులు నిలకడగా ఉండును గనుక దీపములకు సమాంతర పద్ధతి చక్కగా అమరినది.

తీగ నుండి అందుకొన్నది ట్రాము. మన దేశమున మొదటి విద్యుత్ ట్రాము 1895లో మద్రాసులో నడచినది, 1953లో ఆగిపోయినది. నాడు మద్రాసు తెలుగువారికిని రాజధానియే. ట్రాములు ఆగిన సంవత్సరముననే ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. లోకములోని ట్రాములకు సాధారణముగా 500 నుండి 600 వోల్టుల ప్రవాహము ఇచ్చెడివారు. మోటారుకు అది తగినదే, బల్బుకు తగదు. కనుక 120 వోల్టుల బల్బులను ఐదేసి చొప్పున వరుసగా కూర్చుట అనేక నగరములలో వాడుక అయినది. ఐదు నూట ఇరువదులు ఆరువందలు. లెక్క సరిపోయినది గాని, ఒక్కటి మాడినచో ఐదును ఆరెడివి. పెద్దబండిలో ఇటువంటి వరుసలు ఒకటికంటె ఎక్కువగా ఉండుటచేత ప్రయాణికులకు కొంత వెలుగు మిగిలెడిది. వరుస లోపల శ్రేణి. వరుసకు వరుసకు నడుమ సమాంతరము. అవసరము రెంటిని ఒకే కప్పు క్రింద కాపురము పెట్టించినది.

ఇక తానే పుట్టించుకొన్న బండి కథకు వత్తము. హెన్రీ ఫోర్డు సంస్థ 1908లో మోడల్ టీ అను మోటారుబండిని విడుదల చేసినది. 1927లో దాని తయారీ ఆగునాటికి కోటి యేబది లక్షలకు పైగా బండ్లు ఫ్యాక్టరీల నుండి వెలువడినవి. మొదటి సంవత్సరములలో దాని ముందుదీపములు ఎసిటిలిన్ వాయువుతోను, ప్రక్కదీపములు, వెనుకదీపము కిరసనాయిలుతోను వెలిగెడివి. 1915 నమూనా నుండి ముందుదీపములు విద్యుద్దీపములయినవి. తక్కిన దీపములు కిరసనాయిలుతోనే ఉండిపోయినవి.

ఆ బండిలో బ్యాటరీ అవసరము లేకుండెను. ఇంజను గతిచక్రమునకు 16 అయస్కాంతములను బిగించి, వాని యెదుట 16 తీగచుట్టలను నిలిపిరి. చక్రము తిరిగినచో విద్యుత్తు పుట్టును. దీనినే మ్యాగ్నెటో అందురు. ఇంజనులోని పెట్రోలును రగుల్చు నిప్పురవ్వ కొరకే దానిని ఏర్పరచిరి. దీపములు ఆ విందునకు ఆలస్యముగా వచ్చిన చుట్టములు. ఇంజను నెమ్మదించినప్పుడు మ్యాగ్నెటో వోల్టులు పడిపోవును; వేగించినప్పుడు రెండింతలు, మూడింతలు కూడ అగును. ఇంత చపలమైన మూలమునకు ఎదురుగా ఒక్క చిన్న బల్బును నిలిపినచో అది మాడిపోవును. అందుచేత 9 వోల్టుల బల్బులు రెంటిని వరుసగా కూర్చిరి. రెండును కలిసి 18 వోల్టులను తట్టుకొనును. ఒంటరిగా మోయలేని బరువును ఇద్దరు పంచుకొన్నట్లయినది.

పంచుకొన్నంతసేపు బాగుగనే ఉన్నది. కాని ఒకటి మాడినచో రెండును ఆరెడివి. అంతేకాదు, ఎత్తు ఎక్కునప్పుడు గాని, గుంతలదారిన మెల్లగా పోవునప్పుడు గాని వెలుగు మందగించెడిది. దారి కష్టమైన చోటనే, వెలుగు ఎక్కువ కావలసిన వేళనే, దీపము కనులు మూసికొనెడిది. దారి కనబడుటకై బండి నిలిపి ఇంజనును ఊరక రొదచేయించవలసి వచ్చెడిది. అట్లు హద్దుమీరి రొదచేయించినచో బల్బు మాడెడిది.

ఈ చిక్కును విడదీసినది దీపములకై జరిగిన పరిశోధన కాదు. ఆ దినములలో ఇంజనును చేతిపిడితో త్రిప్పి నడిపించెడివారు. పిడి ఎదురుతన్నినచో మణికట్టు విరిగెడిది. ఆ బాధను తొలగించుటకై ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరును 1912 నమూనా క్యాడిలాక్ బండ్లలో అమర్చిరి. స్టార్టరునకు బ్యాటరీ తప్పనిసరి. బ్యాటరీ వచ్చిన తరువాత దానిని నింపుటకు జనరేటరు తప్పనిసరి. ఈ రెండును బండిలో చేరగనే దీపములకు నిలకడగల మూలము దొరికినది. జర్మనీలో బాష్ సంస్థ కూడ 1913లో జనరేటరు, బ్యాటరీ, రెగ్యులేటరు, దీపములు అన్నియు కలిపి ఒకే ఏర్పాటుగా అమ్మజూపినది. మోడల్ టీలో 1919లో మూసిన రకపు బండ్లకు స్టార్టరు, 6 వోల్టుల బ్యాటరీ వచ్చినవి. వానితోపాటు ముందుదీపములు శ్రేణిని విడిచి సమాంతరమునకు మారినవి. స్టార్టరు లేని చౌకబండ్లు మాత్రము మరికొన్ని సంవత్సరములు మ్యాగ్నెటో దీపములతోనే నడచినవి. చేతిపిడి త్రిప్పువాని మణికట్టును కాపాడబోయి, రాత్రి ప్రయాణికుని కన్నును కూడ కాపాడిరన్నమాట.

ఇచట ఒక చమత్కారము కలదు. దీపములకు సమాంతరము నిచ్చిన ఆ బ్యాటరీ తాను మాత్రము శ్రేణియే. సీసపు బ్యాటరీలో ఒక్కొక్క గది ఇచ్చునది సుమారు 2 వోల్టులు. మూడు గదులను వరుసగా కూర్చిన 6, ఆరు గదులను కూర్చిన 12 వోల్టులు. లారీలలో 12 వోల్టుల బ్యాటరీలు రెంటిని వరుసగా కలిపి 24 చేయుదురు. ఆరింటిలో ఒక గది చెడినచో బ్యాటరీ అంతయు చెడినట్లే. శ్రేణి అను గుణము బండిలో నుండి పోలేదు. దీపముల వద్ద నుండి మూలము లోపలికి ఒదిగినది.

అట్లయిన సమాంతరము సర్వదోషరహితమా? కాదు. సైకిలు డైనమోను ఎరిగినవారికి ఇది అనుభవమే. వాడుకలోని ఒక కొలతను తీసికొందము. డైనమో 6 వోల్టులు, 3 వాట్లు, ముందుదీపము 2.4 వాట్లు, వెనుకదీపము 0.6 వాటు. రెండును సమాంతరముగనే ఉండును. డైనమో ఇచ్చు ప్రవాహము ఇంచుమించు అర ఆంపియరు. అందు 0.4 ముందుదీపమునకు, 0.1 వెనుకదీపమునకు. ముందుదీపము మాడినదనుకొందము. బ్యాటరీ అయినచో తగ్గిన అక్కరను గ్రహించి తక్కువ ప్రవాహము నిచ్చి ఊరకుండును. డైనమో అట్లు కాదు. చక్రము తిరుగుచున్నంతసేపు తన ప్రవాహమును త్రోయుచునే ఉండును. నలుగురు తినవలసిన అన్నమును ఒక పసివాని నోట కుక్కినట్లు, ఆ బలమంతయు వెనుకనున్న చిన్నబల్బుపై పడి క్షణములో దానిని మాడ్చును. శ్రేణిలో అయినచో రెండవ బల్బు ఆరునే గాని బ్రదికి ఉండెడిది. ఇచట ఆరుటయే కాదు, చచ్చుటయు జరిగినది.

మొన్నమొన్నటి వరకు మన రోడ్లపై తిరిగిన అనేక స్కూటర్లలోను, చిన్న మోటారుసైకిళ్ళలోను ముందుదీపము బ్యాటరీతో కాక ఇంజనుతో తిరుగు జనరేటరుతోనే నేరుగా వెలిగెడిది. బండి నిలిచినప్పుడు మసకబారి, ఆక్సిలరేటరు త్రిప్పగనే పెరుగు ఆ వెలుగు మనకు తెలియనిది కాదు. అది మోడల్ టీ విడిచిపోయిన వారసత్వమే.

సమాంతరమునకు మరియొక గుప్తశత్రువు కలదు, అది తుప్పు. మోటారుబండ్లలో ప్రతి దీపమునకు ఒక తీగ వచ్చును. ప్రవాహము తిరిగి పోవు దారి బండి ఇనుపశరీరమే. దానినే ఎర్తు అందురు. వెనుకదీపముల ఎర్తు వానకు, బురదకు తుప్పుపట్టి తెగినచో ప్రవాహము ఊరకుండదు. ప్రక్కనున్న మరొక దీపము గుండా దారి వెదకుకొనును. అప్పుడు బ్రేకు త్రొక్కినచో ప్రక్కకు తిరుగు సంకేతదీపము మసకగా మెరయును. సంకేతము వేసినచో వెనుకదీపము రెపరెపలాడును. సమాంతరముగా కట్టిన బండిని తుప్పు తెలియకుండ శ్రేణిగా మార్చినదన్నమాట. వెనుక వచ్చు డ్రైవరునకు ముందు బండి ఆగుచున్నదో తిరుగుచున్నదో తెలియదు. తెలియకపోవుటకు మూల్యము ఒక్కొక్కప్పుడు ప్రాణమే.

అన్నింటికంటె పెద్దలోపము సమాంతర పద్ధతి యొక్క సద్గుణములోనే దాగి ఉన్నది. ఒకటి ఆరినను రెండవది వెలుగును గనుక, ఒకటి ఆరిన సంగతి నడుపువానికి తెలియకపోవచ్చును. శ్రేణి తన తప్పును దాచదు; బండి ఆగవలసినదే. సమాంతరము ఓర్చుకొనును, ఓర్చుకొని దాచును. ఎదుటనుండి వచ్చువానికి ఒక్క వెలుగే కనబడును. మోటారుసైకిలు వచ్చుచున్నదని తలచి అతడు దగ్గరగా తప్పించుకొనబోవును. వచ్చునది లారీ. రాత్రివేళ హైవేపై ఒంటికన్ను లారీకి జడియని డ్రైవరు లేడు.

ఇక నేటి మాట. తీగ కాగి వెలుగు బల్బుల కాలము ముగియుచున్నది. 2007లో లెక్సస్ ఎల్ఎస్ 600హెచ్ అను బండికి లో బీము దీపములను ఎల్ఈడీలతో అమర్చిరి. నేడు మన సామాన్యపు మోటారుసైకిళ్ళకు కూడ అవి వచ్చినవి. తెల్లని ఎల్ఈడీకి ఒక్కొక్కదానికి సుమారు 3 వోల్టులు చాలును. వోల్టులు ఇసుమంత పెరిగినను అది పుచ్చుకొను ప్రవాహము విపరీతముగా పెరుగును. కనుక వానిని ఊరక సమాంతరముగా కలిపినచో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పుచ్చుకొని తొందరగా చెడును. కొన్నింటిని వరుసగా కూర్చి, ప్రవాహమును నిలకడగా ఉంచు ఒక చిన్న సాధనముతో పోషించినచో అన్నియు ఒకే తీరున వెలుగును. దీపపు గాజు వెనుక శ్రేణి మరల సింహాసనము నెక్కినది. మూలము నిలకడగల వోల్టులు ఇచ్చినప్పుడు సమాంతరము, నిలకడగల ప్రవాహము ఇచ్చినప్పుడు శ్రేణి: క్లీవ్‌లండ్ చౌకమున నిజమైనది ఇచటను నిజమే. ఆ వరుసలో ఒక ఎల్ఈడీ దారి తెగినచో తక్కినవి ఆరకుండ, ప్రవాహమునకు ప్రక్కదారి చూపు చిన్నసాధనములు కూడ వచ్చినవి. శ్రోతలు బ్రష్ అమర్చిన ఏర్పాటును జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. రూపము మారినది, యుక్తి అదియే.

ఇట్లు చూచినచో, ఈ నూట నలుబది సంవత్సరముల చరిత్రలో ఒక పద్ధతి మంచిదనియు మరొకటి చెడ్డదనియు తీర్పు చెప్పుటకు వీలు లేదు. ప్రతి కాలమునను ఇంజనీరు తన ముందున్న మూలము ఎట్టిదో చూచుకొని, ఆపైన ఒకే ప్రశ్న వేసికొనవలసి వచ్చినది: ఒక దీపము ఆరినప్పుడు తక్కినవాని గతి యేమి? ఆ ప్రశ్నకు జవాబు ముందే ఆలోచించినవాని బండి చీకటిలోను ఇల్లు చేరును.

ఇంజనీరు చేయవలసినది అతడు చేసినాడు. మిగిలినది మన పని. రాత్రి ప్రయాణమునకు బయలుదేరునప్పుడు బండిని ఒక గోడకు ఎదురుగా నిలిపి దీపములు వేసి చూడుడు. గోడపై రెండు వెలుగులు పడవలెను. వెనుకకు ఒకరిని పంపి, బ్రేకు త్రొక్కి, రెండు ఎఱ్ఱదీపములును వెలుగుచున్నవో లేవో అడుగుడు. ఆరిన దీపము తనంతట తాను చెప్పదు, చూచినవారికే తెలియును.